ఉంగరపు వేలు

"ఇంత మర్యాదగ జూదానికి పిలిచే దేశం నేన్ యాడ చూడలే వదినా," అన్నాడు హేమచంద్ర, స్పీల్‌బాంక్ అనే ఆ జర్మన్ కాసినో రిసెప్షన్‌లో కెమెరా ముందు నిలబడి కోటు గుండీలు పెట్టుకుంటూ. "పాస్‌పోర్టు అడిగిరి, ఫొటో దిగుమనిరి, మంచిగ ఆడుకోండ్రి సార్ అనిరి. పెండ్లిచూపులకు వచ్చినట్టున్నది."

"తిరిగి వెళ్ళేటప్పుడు కూడా ఇంత మర్యాద ఉంటుందో లేదో చూద్దాం," అంది ప్రతిమ.

"నువ్వున్నవ్ గద మర్యాద తీసేటందుకు. నిన్న మా రాజ్మాలన్నీ ఊడ్చిపెడ్తివి."

ఆమె భర్త శశికాంత్ అందరికంటే గట్టిగా నవ్వాడు. నిన్న సాయంత్రం ఇంట్లో పోకర్ ఆడినప్పుడు పందెపు బిళ్ళలు, అంటే చిప్స్, లేక తలా ఇన్ని రాజ్మా గింజలు పంచుకున్నారు. భోజనాల వేళకి గింజలన్నీ ప్రతిమ గిన్నెలోకి చేరాయి. హేమచంద్ర పైకి నవ్వాడు గానీ, చపాతీలు తింటున్నంతసేపూ తను ఎక్కడ తప్పు ఆడాడో చెబుతూనే ఉన్నాడు.

హేమచంద్ర, శశికాంత్ వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నారు. హేమచంద్రది ఇప్పుడు హైదరాబాద్‌లో లిఫ్టుల వ్యాపారం. వీలు దొరికినప్పుడల్లా పోకర్ టోర్నమెంట్లకని గోవా వెళ్ళొస్తాడు. భార్య కుముదినితో కలిసి శశికాంత్ వాళ్ళుండే డ్రెస్డెన్ చూడటానికి వచ్చి, రెండు రోజుల్లోనే రాజభవనాలూ మ్యూజియాలూ చాలనిపించి, "ఇక్కడ పోకర్ ఆడెటోళ్ళు లేరారా" అని అడిగాడు. రెండు గంటల దూరంలో ఒక స్పీల్‌బాంక్ ఉందనీ, ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ టోర్నమెంటు జరుగుతుందనీ చెప్పింది ప్రతిమే. ఆ సంగతి ఆమెకి మూడేళ్ళుగా తెలుసు. వెళ్ళాలని కూడా మూడేళ్ళుగా ఉంది.

ఆమె యూనివర్సిటీ లైబ్రరీలో పని చేస్తుంది. తోటి ఉద్యోగి ఇంట్లో గురువారాలు నలుగురైదుగురు కూడి ఆడే పోకర్‌కి ఒకసారి మొహమాటం కొద్దీ వెళ్ళింది. తర్వాత మానలేదు. జర్మనీ వచ్చిన ఇన్నేళ్ళలో స్నేహితులు, పండగలు, ప్రయాణాలు అన్నీ శశికాంత్ ఉద్యోగం చేసే కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చినవే. ఇదొక్కటే ఆమె తనంతట తాను వెతుక్కున్నది. "మా ఆవిడ పేకాట ట్యూషన్‌కి వెళ్ళింది" అని శశికాంత్ ఫోన్లో ఎవరికో చెబుతుంటే నవ్వి ఊరుకునేది.

ఆ ఉదయం పెందలాడే లేచి దారిలోకి పులిహోర కలిపింది. ఆటోబాన్ ఎక్కగానే వెనక సీట్లో కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. కారు ఆగాక కళ్ళు తెరిస్తే మిగతా ముగ్గురూ ఏదో మాట మధ్యలో ఆపేసినట్టు అనిపించింది. నిద్రమత్తులే అనుకుంది.

లోపలికి వెళ్ళేముందు శశికాంత్‌తో అంది. "ఎవరి ఆట వాళ్ళదే. ఎదురుపడితే నువ్వు నా మొగుడివి కావు. జాలి పడకూడదు."

"నీమీద జాలి పడేంత తెలివితక్కువవాణ్ణి కాదులే," అన్నాడతను, ఆమె మెడలో స్కార్ఫ్ సరిచేస్తూ.

కుముదిని ఆడనంది. "నాకు రమ్మీ తప్ప ఏదీ రాదు. నేను గా కిటికీకాడ కూసొని కేకు తింట. ఎవరు గెలిచినా కూతురికి చాక్లెట్లు కొనాలె."

ప్రతిమ కూతురు సరయు ఆ వారం స్కూలు వాళ్ళతో ఎక్కడో కొండల్లో ఉంది.

మూడు టేబుళ్ళు వేశారు. చీట్లు తీస్తే ప్రతిమ, హేమచంద్ర ఒకే టేబుల్‌కి వచ్చారు. శశికాంత్ పక్క టేబుల్‌లో, వాళ్ళకి వీపు పెట్టి కూర్చున్నాడు. అందరికీ సమానంగా చిప్స్ ఇచ్చారు. అవి పోయినవాళ్ళు లేచి వెళ్ళాలి. చివరిదాకా కూర్చున్నవాళ్ళది గెలుపు.

"ఏం వదినా, మంచిగ పులిహోర తిన్నవా, చేతులు వణుకుతలేవు గద," అన్నాడు హేమచంద్ర.

ముక్కలు పంచే అమ్మాయి చెయ్యి ఎత్తింది. నల్ల వెయిస్ట్‌కోటు, బిగించి కట్టిన జుట్టు. "టేబుల్ దగ్గర జర్మన్ లేదా ఇంగ్లిష్ మాత్రమే, దయచేసి," అంది. అందరికీ అర్థమయ్యే భాషే మాట్లాడాలి, లేకపోతే ఇద్దరు కలిసి మిగతావాళ్ళని మోసం చేయొచ్చు. గురువారాల ఇంట్లో అలాంటి నియమం లేదు గానీ, ప్రతిమకి అది నచ్చింది. ఇది నిజమైన ఆట అనిపించింది.

మొదట్లో ఆమె చాలా ముక్కలు పారేసింది. చూస్తూ కూర్చుంది. గడ్డం ఉన్న ఒకాయన మంచి ముక్కలు వస్తే కాఫీ కప్పు దూరంగా జరుపుతాడని కనిపెట్టింది. ఆ పక్కన కుర్రాడు తొందర మనిషి. అలా చూడటంలోనే ఆమెకి ఎక్కడ లేని హుషారు. లైబ్రరీలో కౌంటర్ వెనక కూర్చుని మనుషుల్ని చూసీ చూసీ అలవాటైన పనే ఇది.

కాసేపటికి ఒక పంపకంలో ఆమె, హేమచంద్ర మిగిలారు. ఆమె ఎదురుచూసిన ఇస్పేటు రాలేదు. చేతిలో ఏమీ లేదు. అయినా పడిన ముక్కల్ని బట్టి ఆమె దగ్గర పెద్దదే ఉందని ఎవరైనా నమ్ముతారు. చిప్స్ బాగా ముందుకు తోసింది. గురువారాలు ఇలాంటి చోట అందరూ వదిలేసేవాళ్ళు.

హేమచంద్ర ఆమె మొహం చూడలేదు. చూపు కిందికి దించి, టేబుల్ అంచు మీదున్న ఆమె ఎడమ చేతి వైపు చూశాడు. ఒక్క క్షణం. తర్వాత హాయిగా వెనక్కి వాలి చిప్స్ వేశాడు. అతని దగ్గర ఉన్నది జత ఆరులు. దాంతోనే గెలిచాడు.

అదృష్టం అనుకుంది.

మరి కొంతసేపటికి ఆమెకి మంచి ముక్కలు వచ్చాయి. చిప్స్ వేసింది. మళ్ళీ అతని కళ్ళు ఆమె ఎడమ చేతి మీదికే వెళ్ళాయి. ఈసారి నిట్టూర్చి, తన ముక్కలు అందరికీ చూపించి మరీ వదిలేశాడు. జత జాకీలు. నిన్న రాజ్మాల కోసం జత మూళ్ళు కూడా వదలని మనిషి అతను. టేబుల్ మీద ఉన్నవాళ్ళు ఆశ్చర్యపోయారు. గడ్డం ఆయన "మీకు ఎక్స్‌రే కళ్ళున్నాయా" అని ఇంగ్లిష్‌లో అడిగాడు. "ఎక్స్‌పీరియన్స్," అన్నాడు హేమచంద్ర.

ఆ తర్వాతి పంపకంలో ఆమె దగ్గర చెప్పుకోదగ్గదేమీ లేదు. అయినా గడ్డం ఆయన మీద చిప్స్ పెంచింది. పెంచి, అప్పుడు తల వంచి తన ఎడమ చేతిని తనే చూసుకుంది.

బొటనవేలు ఉంగరపు వేలి కణుపుల మీద పైకీ కిందికీ కదులుతోంది. జపం చేస్తున్నట్టు.

గడ్డం ఆయన కప్పు దగ్గరికి లాక్కుని ముక్కలు వదిలేశాడు. చిప్స్ ఆమె వైపు వచ్చాయి. ఆమె వాటిని సర్దుకోలేదు.

ఆ వేలి సంగతి ప్రపంచంలో ఒక్క మనిషికే తెలుసు.

పదమూడేళ్ళ క్రితం ఇల్మెనౌ అనే ఊళ్ళో శశికాంత్ పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు ఆమెకి నాలుగో నెలలో కడుపు పోయింది. ఆడపిల్ల అని డాక్టరు చెప్పింది. కడుపుతో ఉన్న సంగతి అప్పటికింకా ఇంటికి చెప్పలేదు. మూడో నెల దాటాక చెబుదాం అనుకున్నారు. ఈలోగా ఒంగోలులో ఆమె తల్లికి గుండె ఆపరేషన్ అయింది. ఆపరేషన్ అయ్యేసరికి చెప్పడానికేమీ మిగల్లేదు. తల్లి మంచం మీంచే ఫోన్ చేసి, "ఏమే, ఏమన్నా విశేషమా" అని అడిగేది. "ఏం లేదమ్మా. బాగానే ఉన్నాను" అనేది ప్రతిమ. అలా అంటున్న రోజుల్లో ఒకసారి శశికాంత్ పక్కన కూర్చుని ఆమె చెయ్యి చూశాడు. ఫోన్ పెట్టేశాక ఆ చేతి మీద తన చెయ్యి కప్పి, "ఈ వేలికి అబద్ధం చెప్పడం రాదు" అన్నాడు. అప్పుడు ఏడ్చింది. అప్పటిదాకా ఏడవలేదు.

తల్లి ఆ సంగతి తెలియకుండానే పోయింది. రెండేళ్ళ తర్వాత పుట్టిన సరయుకీ తెలియదు. కానీ ఆనాటి నుంచీ నలుగురిలో ఉన్నప్పుడు ఆమె "పర్వాలేదు, తలనొప్పేం లేదు" అంటే శశికాంత్ ముందు ఆమె వేలు చూసేవాడు. చూసి, "మాకు టైమైంది" అని లేచేవాడు. ఎంత మాటా మాటా అనుకున్నా, ఎన్నాళ్ళు మాట్లాడుకోకపోయినా, తను చెప్పకుండానే తనని తెలుసుకునే మనిషి ఒకడున్నాడని ఆమెకి ధైర్యం. ఈ దేశంలో ఆమెకున్న ఇల్లు నిజానికి అదే.

పక్క టేబుల్‌లో శశికాంత్ వీపు కనిపిస్తోంది. దేనికో నవ్వుతున్నాడు.

కాదేమో అనుకుంది. హేమచంద్ర తెలివైనవాడు, తనే కనిపెట్టాడేమో. నిన్నంతా ఎదురుగా కూర్చుని ఆడాడు కదా. కానీ నిన్న కనిపెట్టినవాడు నిన్ననే గెలవాలి. తేల్చుకోకుండా ఆమె అక్కడ కూర్చోలేకపోయింది. ఆట మాట ఎలా ఉన్నా సరే.

చాలాసేపు ముక్కలు పారేస్తూ కూర్చుంది. మధ్యలో ఒకటి రెండు మంచి పంపకాల్లో గడ్డం ఆయన చిప్స్ సగం ఆమెకి వచ్చాయి. తొందర కుర్రాడు లేచి వెళ్ళిపోయాడు. చివరికి ఆమెకి రెండు ఆసులు పడ్డాయి.

చిప్స్ వేసింది. హేమచంద్ర ఒక్కడే నిలబడ్డాడు. అమ్మాయి టేబుల్ మీద మూడు ముక్కలు పరిచింది. అందులోనూ ఒక ఆసు ఉంది. ఆమె మళ్ళీ వేసింది. అతనూ వేశాడు. ఇంకో ముక్క, ఇంకో ముక్క. అవేవీ ఎవరికీ పనికొచ్చేవి కావు. అయిదు ముక్కలూ పడ్డాక ప్రతిమ తన చిప్స్ మొత్తం ముందుకు తోసి, "ఆల్ ఇన్" అంది. అతని చిప్స్ ఆమెకంటే కొంచెం తక్కువ. ఓడితే అతను ఇక లేవాల్సిందే.

ఆసు కనబడుతుండగా, మొదటి నుంచీ వదలకుండా వేస్తున్న మనిషి మొత్తం తోసేస్తే ఎవరైనా వదిలేస్తారు. హేమచంద్ర కూడా ముక్కలు వదలబోతున్నట్టే వాటి మీద చెయ్యి పెట్టాడు.

అప్పుడామె బొటనవేలిని ఉంగరపు వేలి మీద పెట్టి, పైకీ కిందికీ కదిపింది. కావాలని కదిపితే అది తన వేలులా అనిపించలేదు.

అతను చూశాడు. మొహం విప్పారింది. "కాల్," అని తన చిప్స్ కూడా మొత్తం తోశాడు. జత పదులు తిప్పి చూపించాడు.

ఆమె తన రెండు ఆసులూ తిప్పింది.

టేబుల్ అంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. హేమచంద్ర ఆ ముక్కల వంక కాసేపు చూసి, కుర్చీలో వెనక్కి తిరిగి పక్క టేబుల్‌కి వినబడేలా అన్నాడు.

"ఏందిరా శశీ గిది. వేలు కదిలితే చేతిల ఉత్తదే అంటివి గదరా."

"జర్మన్ లేదా ఇంగ్లిష్, దయచేసి," అంది ముక్కలు పంచే అమ్మాయి.

శశికాంత్ వెనక్కి తిరిగాడు. అతని మొహంలో ఇంకా నవ్వు ఉంది. ప్రతిమ కళ్ళు చూశాక అది కొద్దికొద్దిగా తగ్గింది. ఆ టేబుళ్ళ చుట్టూ అంతమంది ఉన్నారు. హేమచంద్ర అన్నది అర్థమైనవాళ్ళు వాళ్ళ ముగ్గురే.

తర్వాత విరామం ఇచ్చారు. ప్రతిమ కిటికీ దగ్గరికి వెళ్ళింది. కుముదిని కేకు ప్లేటు పక్కకి జరిపి చోటు ఇచ్చింది.

"ఓడగొట్టినవా మా ఆయనను. మంచిగైంది. గోవాల ఆయన ముంగట ఎవరు నిలవరని చెప్పుకుంటడు."

ప్రతిమ నవ్వడానికి ప్రయత్నించింది. కుముదిని ఆమె మొహం చూసి, తన కుర్చీ దగ్గరికి లాక్కుని చెయ్యి పట్టుకుంది. ఎడమ చెయ్యే.

"అక్కా, ఒకటి అంటే ఏమనుకోవు గద. పొద్దుగాల కార్ల విన్నప్పటి సంది నాకు మనసున పడతలేదు. అంత కష్టం ఒక్కదానివే ఎట్ల దాసుకున్నవ్? పాప అంట గద."

ప్రతిమ ఆమె వంక చూసింది.

"ఇల్మెనౌల అంట గద," అంది కుముదిని మెల్లగా. "నువ్వు నిద్రపోయినవ్. మా ఆయన, నీ భార్య మొహం అసలు చదవరాదురా అన్నడు. శశన్న, మొహం కాదు, వేలు చూడుమన్నడు. నీకెట్ల తెల్సురా అంటే గప్పుడు చెప్పిండు. నాకైతే కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. నిన్ను అంత మంచిగ చూస్కునే మనిషి." ఆగి, అనుమానంగా అడిగింది. "నాకు చెప్పకూడదా ఏంది?"

"అదేం లేదు," అంది ప్రతిమ.

అప్పుడు ఈమె పక్కనే తను నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకునే ఉండి ఉంటుంది. ఆ తల మీదుగా ముందు సీట్లోంచి వెనక సీట్లోకి ఆ మాటలు వెళ్ళాయి. అమ్మకి చెప్పని మాటలు. ఒక పేకాట కోసం.

కుముదిని కాఫీ తేవడానికి లేచింది. శశికాంత్ వచ్చాడు. చేతిలో రెండు నీళ్ళ సీసాలు. ఒకటి ఆమె ముందు పెట్టాడు.

"భలే ఆడావు. వాడి మొహం చూడాలి. కోపం వచ్చిందా?"

"ఎందుకు చెప్పావు శశీ?"

"వేలు సంగతా? సరదాకి. వాడు ఇంత దూరం వచ్చి నిన్న నీ చేతిలో ఓడి మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. ఎవరి ఆట వాళ్ళదే అని నువ్వే అన్నావు కదా."

"వేలు సంగతి కాదు."

అతను సీసా మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. "అడిగాడు, నీకెట్లా తెలుసని. చెప్పకపోతే నమ్మేలా లేడు. నేనేం చెడ్డగా చెప్పలేదు. నీ గురించి ఎంతో గొప్పగా..."

"అమ్మకి చెప్పలేదు మనం."

"అది వేరు. ఇన్నేళ్ళయింది కదా ప్రతిమా. వాడు మనవాడే. పరాయివాడా?"

తప్పు చేసినట్టు అతనికి అనిపించి ఉంటే ఆమె ఏదైనా అనేది. అతని మొహంలో ఉన్నది తప్పు చేసిన భావం కాదు. ఆమె కోపం ఎంతసేపుంటుందోనన్న లెక్క. ఆటకి రమ్మని పిలిచారు.

మిగిలినవాళ్ళందరినీ ఒకే టేబుల్‌కి చేర్చారు. శశికాంత్ ఆమెకి ఎదురుగా వచ్చాడు. హేమచంద్ర టేబుల్ చుట్టూ కట్టిన తాడుకి అవతల కుముదిని పక్కన నిలబడి చూస్తున్నాడు. అతను బొటనవేలు ఎత్తి చూపించాడు, ఇద్దరిలో ఎవరికో తెలియదు.

ఎన్నో పంపకాలు గడిచాయి. ప్రతిమ ఎవరినీ గమనించలేదు. గడ్డం ఆయన కప్పు ఎటు జరుపుతున్నాడో కూడా చూడలేదు. తన ఎడమ చేతిని టేబుల్ మీద, అందరికీ కనబడేలా, వేళ్ళు విడదీసి పెట్టుకుంది.

ఒక పంపకంలో శశికాంత్ చిప్స్ వేశాడు. అందరూ వదిలేశారు. ఆమె ముక్కలు ఎత్తి చూసుకుంది. కళావరు ఏడు, డైమను రెండు. పోకర్‌లో అంతకంటే పనికిమాలిన జత లేదు. చిప్స్ వేసింది. టేబుల్ మీద రెండు రాణులూ ఒక ఆసూ పడ్డాయి. ఆ తర్వాత పడినవీ ఆమెకి చెందినవి కావు. శశికాంత్ కొంచెం వేశాడు. ఆమె తన చిప్స్ మొత్తం తోసింది.

అతను ఆమె మొహం చూడలేదు. హేమచంద్ర చూసినట్టే కిందికి చూశాడు.

చెయ్యి బల్ల మీద ఉంది. బొటనవేలు ఒకవైపు, ఉంగరపు వేలు ఒకవైపు. బొటనవేలు ఉంగరపు వేలి మీదికి జరగాలని చూసింది. ఆమెకి ఆ కదలిక లోపల ఎక్కడ మొదలవుతుందో మొదటిసారి తెలిసింది. మణికట్టు దగ్గర, సన్నగా, ఫోన్ మోగబోయే ముందు ఉండే అదురులా. అక్కడే ఆపింది.

"డూ యు హావ్ ఇట్?" అన్నాడు శశికాంత్. తెలుగులో అడగకూడదు కాబట్టి ఇంగ్లిష్‌లో అడిగాడు. గొంతు మాత్రం ఇంట్లో గొంతే.

"యెస్," అంది.

అతను చాలాసేపు ఆ చేతినే చూశాడు. తర్వాత తల ఊపి, తన ఆసుని అందరికీ చూపించి, ముక్కలు వదిలేశాడు. ఆమె ఏడునీ రెండునీ బోర్లించి అమ్మాయికి ఇచ్చేసింది.

కొద్దిసేపటికి శశికాంత్ చిప్స్ అయిపోయాయి. ఆ తర్వాత ఆమెవీ అయిపోయాయి. అయిదో స్థానం అని చెప్పి గడ్డం ఆయన లేచి కరచాలనం చేశాడు. మళ్ళీ ఎప్పుడు వస్తారని అడిగాడు. ప్రతిమ జవాబేం చెప్పిందో తనకే గుర్తులేదు.

పార్కింగ్‌లో ఇంకా వెలుగు ఉంది. హేమచంద్ర ముందు సీట్లో కూర్చున్నాడు. "వదినా, మోసం నేర్సినవ్ నువ్వు," అన్నాడు వెనక్కి తిరిగి. "ఆ వేలు నాటకం నేన్ జన్మల మరువ. ఇగో శశిగాడి మీద ఆఖరికి మొత్తం తోసినప్పుడు నీకాడ ఏమున్నయో జర చెప్పు. రాణులేనా?"

"రాణే," అంది.

"చెప్పాను కదరా," అన్నాడు శశికాంత్. "ఆ చెయ్యి చూశాను. రాయిలా ఉంది. అప్పుడే అనుకున్నాను ఉందని."

అతను వెనక తలుపు వేయడానికి వచ్చి, వంగి, ఆమె ఒళ్ళో బ్యాగు మీదున్న ఎడమ చేతి మీద చెయ్యి వెయ్యబోయి, కుముదిని ఉందని ఆగాడు.

"బాగానే ఉన్నావా?" అన్నాడు, ఆమెకి మాత్రమే వినబడేలా.

"బాగానే ఉన్నాను."

అతను చెయ్యి వంక చూశాడు. ఆమె కూడా చూసుకుంది. అది బ్యాగు మీద కదలకుండా ఉంది.

శశికాంత్ మొహం తేలికపడింది. తలుపు వేసి, ముందుకు వచ్చి కూర్చుని, సీటుబెల్టు పెట్టుకుంటూ హేమచంద్రతో అన్నాడు. "కోపమేం లేదురా. నేను చూశా."